అడగని పరీక్ష

గడువు దాటిన మాత్రల్ని మాత్రలమ్మ ఏనాడూ చెత్తబుట్టలో వేయలేదు. చెత్త ఏరుకుని బతికేవాళ్ళుంటారు, ఆకలి మీద ఉన్నవాళ్ళకి రంగురంగుల బిళ్ళలు మిఠాయిల్లా కనిపిస్తాయి, ఎవరి ప్రాణం మీదికి వచ్చినా ఆ పాపం తన ఖాతాలోనే పడుతుందని ఆవిడ భయం. అందుకని వారానికోసారి, పొద్దుటి ప్రార్థన ముగించుకుని వంటింట్లోకి వచ్చి, గట్టు మీద పాత వార్తాపత్రిక పరిచి, గడువు దాటినవన్నీ దాని మీద పోసుకునేది. గొట్టం బిళ్ళల్ని గోళ్ళతో పట్టుకుని మెల్లగా విడదీసి లోపలి పొడి దులిపేది. గట్టి బిళ్ళల్ని చిన్న రోట్లో వేసి నూరేది. ఆ పొడంతా వేడినీళ్ళలో వేసి, అడుగున ఒక్క పలుకు కూడా మిగలకుండా గరిటెతో తిప్పి, సింకులో పోసి, వెనకాలే కుళాయి విప్పి వదిలేది.

ఆ రోజు అలా పోస్తూండగా కోడలు వచ్చింది. నీళ్ళ శుద్ధి కేంద్రంలో, అక్కడి ప్రయోగశాలలో ఆమె ఉద్యోగం. చేతిసంచీ భుజాన వేసుకుని, సీసాలో నీళ్ళు పట్టుకుందామని వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"అదేమిటత్తయ్యా పోస్తున్నారు?"

"పాతబడ్డ మాత్రలేనమ్మా. అన్నీ కలిస్తే గోడకేసే సున్నంలా తయారైంది, చూడు."

"ఎప్పట్నించి ఇలా పోస్తున్నారు?"

"నువ్వు కాపరానికి రాకముందు నుంచీ. ఏం, గొట్టం పాడవుతుందా?"

 కోడలు సింకు చిల్లు దగ్గర సుడి తిరుగుతూ దిగిపోతున్న తెల్లటి నీళ్ళనే చూస్తూ నిలబడింది. కాసేపటికి "బస్సు పోతుంది" అనేసి, సీసా నింపుకోకుండానే వెళ్ళిపోయింది.

మాత్రలమ్మ ఆ సంగతి పట్టించుకోలేదు. అప్పటికే వీధి గుమ్మంలో దర్జీ అమ్మాయి నిలబడి ఉంది. ఆ అమ్మాయి మెళ్ళో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతూ ఉంటుంది. పెదాల మధ్య గుండుసూది పెట్టుకునే మాట్లాడగలదు. మొగుడు గోడలకు రంగులు వేస్తాడు. నిచ్చెన జారి కాలు చీరుకుపోయి ఇంట్లో కూర్చున్నాడు.

"పెద్దమ్మా, మళ్ళీ చీము పట్టింది. మొన్నటి ఎరుపూ నలుపూ గొట్టాలు బాగా పనిచేశాయి. ఇంకో నాలుగు ఇప్పించండి."

మాత్రలమ్మ బిస్కెట్ల డబ్బా మూత తీసింది. ఆ డబ్బాలో వీధి వీధంతా ఉంది. జబ్బు నయమైనవాళ్ళు మిగిలిన మాత్రలు తెచ్చి ఇస్తారు; జబ్బు పడ్డవాళ్ళు వచ్చి తీసుకుంటారు. మధ్యలో ఆవిడకి ఒరిగేది ఏమీ లేదు, పుణ్యం తప్ప. ఎవరికి ఏది ఇచ్చిందో మాత్రం ఆవిడకి మొహాలు చూస్తే చాలు, గుర్తొస్తుంది.

"మొన్న ఇచ్చినవన్నీ వేశావా?"

"ఎందుకు పెద్దమ్మా, అనవసరంగా? పుండు మానుముఖం పట్టగానే ఆపేశాం. మిగిలినవి మీకే తెచ్చిచ్చాగా, ఎవరికైనా పనికొస్తాయని."

"నీది మంచి మనసే తల్లీ" అని, అవే తిరిగి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది మాత్రలమ్మ.

ఆ సాయంత్రం కోడలు ఇంటికొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా వంటింటి పీట మీద కూలబడింది. మాత్రలమ్మ కూరగాయలు తరుగుతోంది. ముందు గదిలో కొడుకు రేడియో పెట్టుకున్నాడు. కోడలు లేచి వెళ్ళి ఆ రేడియో ఇంకాస్త గట్టిగా పెట్టి వచ్చింది.

"మీ ఆయనకి వినబడకూడని మాటేమిటే?"

"ఎవరికీ వినబడకూడదత్తయ్యా. బయటికి పొక్కితే నా ఉద్యోగం పోతుంది."

కత్తి ఆగింది.

కోడలు ఎలా మొదలుపెట్టాలో తెలియనట్టు వేళ్ళు విరుచుకుంది. తమ దగ్గర ఊరికి వదిలే నీళ్ళు రోజూ పరీక్షిస్తారని చెప్పింది. క్లోరిన్ సరిగా ఉందా, మురుగు కలిసిన ఆనవాళ్ళు కనబడుతున్నాయా, అంతవరకే చూడమని నియమం. ఆ పరీక్షలన్నిట్లోనూ నీళ్ళు నెగ్గుతున్నాయి. కానీ ఈమధ్య తను ఊరుకోలేక ఇంకో పని చేసింది. క్రిములు పెరిగే పళ్ళెంలో ముందుగానే యాంటీబయోటిక్ మందు కలిపి, శుద్ధిచేసిన నీళ్ళని వడగట్టి దాని మీద వేసింది. ఆ మందులో ఏదీ బతకకూడదు.

"బతికాయత్తయ్యా. మందులో హాయిగా ఇల్లు కట్టుకున్నాయి."

"మీ పెద్దాయనకి చెప్పలేదా?"

"చెప్పాను. నియమంలో ఉన్న పరీక్షేనా ఇది అన్నారు. కాదన్నాను. అడిగినదానికి జవాబివ్వడమే మన పని, అడగనిదాన్ని నెత్తికెత్తుకోకు, ఊరు బెంబేలెత్తిపోతుంది అన్నారు."

"పెద్దవాడు కదా, అంత మాత్రం ఆలోచించకుండా అంటాడా? అడగందే మనమెందుకు చెప్పాలి?" అంది మాత్రలమ్మ. అని మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. కోడలు ఇంకా కదలకపోవడం చూసి తలెత్తింది. కోడలి చూపు తన మీద లేదు, సింకు మీద ఉంది.

"మన సింకు నీళ్ళు వీధి కాలవలోకి పోతాయి కదా" అంది కోడలు, ఎటో చూస్తూ. "ఆ కాలవ నదిలో కలిసేచోటు మా పంపులకి ఎగువనే."

మాత్రలమ్మ కత్తి పక్కన పెట్టింది.

"అంటే ఊరి నీళ్ళు నేనే చెడగొట్టానంటావు."

"అలా అనలేదత్తయ్యా. ఆసుపత్రులున్నాయి, కోళ్ళఫారాలున్నాయి, మందుల ఫ్యాక్టరీలున్నాయి. ఆ మందులు మింగిన ప్రతి ఇంటి మరుగుదొడ్డీ ఉంది. మీరు పోసేది అందులో ఎంతని?"

"ఎంతైతేనేం. ఉన్నానుగా అందులో."

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఏదో జరిగిందని పసిగట్టిన కొడుకు, "అమ్మ డబ్బా మూతపడితే ఈ వీధిలో జబ్బులు కూడా మూతపడతాయేమో" అని నవ్వించబోయి, ఇద్దరి దగ్గరా నవ్వు పుట్టకపోయేసరికి తన కంచంలోకే చూసుకున్నాడు.

మర్నాడంతా మాత్రలమ్మ మూతి ముడుచుకునే తిరిగింది. ప్రార్థనకి కూర్చుంటే మనసు నిలవలేదు. ఇన్నాళ్ళూ తను చేసింది మంచా చెడా అని దేవుణ్ణి అడుగుదామని ఉంది, అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని జంకుగానూ ఉంది. పైగా, నూరి పోసిన పిడికెడు పొడి అంత పెద్ద నదిని ఏం చేస్తుందన్న మొండి సందేహం ఒకటి. కంటికి కనబడని క్రిమి ఉందంటే నమ్మాలా? ఆ ఆలోచన వచ్చిన వెంటనే ఆవిడకే సిగ్గేసింది. కనబడని దేవుణ్ణి నమ్ముకుని తల నెరిసిన మనిషి తను. కనబడలేదన్న వంక ఎవరికైనా చెల్లుతుందేమోగానీ తనకి చెల్లదు.

సాయంత్రం కోడలు గుమ్మంలో అడుగుపెట్టగానే అడిగేసింది. "మన కుళాయి నీళ్ళు పట్టుకెళ్ళు. ఆ పళ్ళెంలో వెయ్యి. నా కళ్ళతో నేను చూస్తాను."

మర్నాడు పొద్దున్నే తళతళలాడేలా తోమిన చెంబుతో నీళ్ళు పట్టి, మూత పెట్టి సిద్ధంగా ఉంచింది. కోడలు దాన్ని చూసి నవ్వాపుకుంది.

"మీ చెంబులో పట్టుకెళ్తే అది చెంబు పరీక్ష అవుతుందత్తయ్యా, నీళ్ళ పరీక్ష అవదు."

నమూనాల కోసం ఎప్పుడూ సంచీలో ఉంచుకునే, కాగితం చుట్టిన గాజుసీసా తీసింది. క్రిములు చావడానికి దాన్ని ఆవిరిలో ఉడికించి తెచ్చారట. అడుగున క్లోరిన్‌ని ఆపేసే మందు చుక్కలు వేసి ఉన్నాయట. కుళాయి మూతిని స్పిరిట్ దూదితో తుడిచి, ఇంకో దూదిని పట్టకారుతో పట్టుకుని వెలిగించి, ఆ మంటని కుళాయి అంచు చుట్టూ తిప్పింది.

"కుళాయికి వాతలు పెడుతున్నావేమిటే?"

"బయట అంటుకున్నవి లోపలి నీళ్ళ లెక్కలోకి రాకూడదుగా."

తర్వాత నీళ్ళు వదిలేసింది. అవి పారుతున్నంతసేపూ ఎందుకు వృథా చేస్తున్నావని అడగబోయి నోరు మూసుకుంది మాత్రలమ్మ. సీసా మూతి దేనికీ తగలకుండా, మూతని కింద పెట్టకుండా చిటికెనవేలికీ అరచేతికీ మధ్య ఇరికించుకుని, మెడ దాకా నింపి బిగించింది కోడలు. ఇంత శ్రద్ధ తను ప్రార్థనలో కూడా చూపించి ఎన్నాళ్ళయిందో అనుకుంది అత్తగారు.

ఆ నీళ్ళు ఏం చెబుతాయో తెలిసేలోగా ఇద్దరు ముగ్గురు వచ్చి డబ్బా అడిగారు. తలనొప్పికి ఇచ్చింది. మిగతావాళ్ళని రేపు రమ్మంది.

ప్రయోగశాల అంటే ఏదో పెద్ద హంగు ఉంటుందనుకుంది మాత్రలమ్మ. తీరా వెళితే వంటిల్లులాగే ఉంది: గట్టు, సింకు, బీరువా, కిటికీలో ఎండుతున్న గుడ్డ. కోడలు అక్కడ తెల్లకోటు వేసుకుని వేరే మనిషిలా ఉంది. గాజుగొట్టంలో అక్కడి కుళాయి నీళ్ళు పోసి చిన్న బిళ్ళ వేస్తే అవి గులాబీరంగులోకి తిరిగాయి. "క్లోరిన్ ఉంది" అని చూపించింది. తర్వాత వెచ్చటి పెట్టె తలుపు తీసి మూతలున్న రెండు చిన్న పళ్ళేలు బయటికి తీసింది.

మొదటిదాన్లో గడుల గీతలున్న తెల్లటి గుండ్రటి వడపోత కాగితం. దాని మీద ఏమీ లేదు.

"ఇది మమ్మల్ని అడిగిన పరీక్ష."

రెండోదాన్లోనూ అలాంటి కాగితమే. దాని మీద అక్కడక్కడా, పుప్పొడి రాలినట్టు, పసుపుపచ్చటి చుక్కలు. అంచులు గుండ్రంగా, నున్నగా మెరుస్తున్నాయి. అందంగా కూడా ఉన్నాయని ఒప్పుకోక తప్పలేదు.

"ఇది మన కుళాయేనా?"

"మన కుళాయే. ఇది మందు కలిపిన పళ్ళెం."

మాత్రలమ్మ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "తాగితే చచ్చిపోతామా?"

"లేదత్తయ్యా. మీకూ నాకూ ఇవి ఏమీ చేయకపోవచ్చు. చాలామటుకు సాధువులే. కానీ మందుకి లొంగకపోవడమెలాగో వీటికి వచ్చు. మందు సగంలో ఆపేసిన ఒంట్లోనో, మందు కలిసిన నీళ్ళలోనో నేర్చుకుంటాయి. వచ్చినదాన్ని దాచుకోవు. పక్కన రోగం తెచ్చే క్రిమి తగిలితే దానికీ ఇచ్చేస్తాయి. చుట్టమా పక్కమా అని కూడా చూడవు."

"ఊరికేనా?"

"ఊరికేనే."

మాత్రలమ్మ చుక్కల వంక చాలాసేపు చూసింది. "వీటికీ నాలాంటి బుద్ధే ఉందన్నమాట" అంది. కోడలు పళ్ళేల్ని మళ్ళీ వెచ్చటి పెట్టెలో పెట్టేసింది.

బయటికొస్తూ, నడవలో కోడలి పైఅధికారి, పెద్ద కెమిస్టు ఎదురయ్యాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు. అత్తగారని తెలిసి కుర్చీ వేయించి, కుశలమడిగి, గాజుగ్లాసులో మంచినీళ్ళు ఇప్పించాడు. "మా నీళ్ళమ్మా, దిగులు లేకుండా తాగండి" అన్నాడు. ఆవిడ తాగింది. పక్కన నిలబడ్డ కోడలు నేల చూసింది. ఇంటికెళ్ళే బస్సులో మాత్రలమ్మ ఒక్కటే మాటంది: "నీ ఉద్యోగం సంగతి నాకు గుర్తుందిలే. నా నోటి వెంట రాదు."

మర్నాడు తెల్లారీ తెల్లారకముందే దర్జీ అమ్మాయి తలుపు కొట్టింది. మెళ్ళో టేపు లేదు.

"ఒళ్ళు కాలిపోతోంది పెద్దమ్మా ఆయనకి. కాలు మోకాలి దాకా ఉబ్బింది. ఆ గొట్టాలే ఇంకాసిని ఇవ్వండి."

డబ్బా గూట్లోనే ఉంది. ఎరుపూ నలుపూ పై వరసలోనే ఉన్నాయి. మాత్రలమ్మ చెయ్యి అలవాటు కొద్దీ గూటి దాకా వెళ్ళి ఆగింది.

"ఇవ్వనమ్మా."

"అయిపోయాయా?"

"ఉన్నాయి. ఇవ్వను."

 దర్జీ అమ్మాయి మొహం ఎర్రబడింది. "ఎదురింటివాళ్ళకి ఇస్తారు. మూల ఇంటివాళ్ళకి ఇస్తారు. మేమేం చేశాం? తెచ్చిచ్చినప్పుడు మాత్రం మంచి మనసు తల్లీ అన్నారు. ఆరోగ్య కేంద్రానికి పొమ్మంటారు, అంతేగా? ఒక పూట అక్కడ కూర్చుంటే ఆ పూట మిషను ఎవరు తొక్కుతారు?"

అందులో అబద్ధమేమీ లేదు. అదే మాత్రలమ్మకి బాధ. ఇవ్వడం తప్పని నిన్న తెలిసింది. ఇవ్వకపోవడం ఎంత కష్టమో ఇప్పుడు తెలుస్తోంది. గూటి తలుపు మూసి, చెప్పులు వేసుకుంది.

"పద. నేనూ వస్తాను. మీ ఆయన్ని చెరోపక్కా పట్టుకుని తీసుకెళ్దాం."

ఆరోగ్య కేంద్రం ఒకటే గది. ఒక మూల డాక్టరమ్మ బల్ల; మిగతా అంతా బెంచీలు; ఆ బెంచీల మీద సగం మంది తెలిసిన మొహాలే. రంగులాయన కాలు చాపుకుని గోడకి ఆనుకున్నాడు. ప్రార్థన వేళ దాటిపోయింది. మాత్రలమ్మ పెదాలు కదిలిస్తూనే వరసలో జరిగింది.

డాక్టరమ్మ కట్టు విప్పి చూసింది. "ఇంతకుముందు ఏమైనా మందులు వాడారా?"

రంగులాయన పెళ్ళాం వంక చూశాడు. దర్జీ అమ్మాయి మాత్రలమ్మ వంక చూసింది. పొద్దుట అంత మాటలన్న మనిషి, ఇప్పుడు ఏమాత్రం తడుముకోకుండా, "ఏమీ వాడలేదండీ. కట్టు కట్టుకున్నాం, అంతే" అంది. తన పరువు కాపాడుతోందని మాత్రలమ్మకి తెలిసింది. డాక్టరమ్మ తలూపి చీటీ రాయబోయింది.

ఊరుకుంటే సరిపోయేది. తనని ఎవరూ అడగలేదు.

"డాక్టరమ్మా, మీరు రాసేది ఎరుపూ నలుపూ గొట్టం బిళ్ళలేనా?"

"అవును. ఎందుకండీ?"

దర్జీ అమ్మాయి ఆవిడ చెయ్యి గిల్లింది. మాత్రలమ్మ ఆ చేతిని మెల్లగా పక్కకి తీసింది. "అవి వేసుకున్నాడు. ఒకసారి కాదు. తగ్గినట్టుండగానే ఆపేసి, పెరగ్గానే మళ్ళీ వేసుకున్నాడు. ఇచ్చింది నేను."

 డాక్టరమ్మ కోప్పడుతుందని మాత్రలమ్మ భుజాలు బిగపట్టుకుంది. డాక్టరమ్మ మాత్రం చీటీ చింపి, పుండు నుంచి దూదిపుల్లతో చీము పరీక్షకి తీసి, వేరే సూదిమందు రాసి, "చెప్పబట్టి సరిపోయింది. లేకపోతే ఇంకో వారం పోయేది, కాలు కూడా" అంది.

వెనక బెంచీ మీదనుంచి, వీధికి కాపలా కాసే తాత మాత్రలమ్మ వైపు చూసి గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయ్, నా చెవికి ఏదో ఇచ్చావు చూడు. ఏమిటది? డాక్టరమ్మ అడుగుతుంది కదా."

"తెల్లటివి, పొడుగువి. పూటకొకటి అన్నాను, నువ్వు రోజుకొకటి వేసుకున్నావు."

"నీకెలా తెలుసు?"

"సగం తిరిగి తెచ్చిచ్చావుగా!"

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత మూల ఇంటావిడ లేచింది, తర్వాత ఇంకొకరు. డాక్టరమ్మ పక్కకి స్టూలు లాగి, "మీరిలా కూర్చోండి. వీళ్ళు చెప్పరు, మీరు చెప్పండి" అంది. మాత్రలమ్మ అక్కడ కూర్చుని, వచ్చిన ప్రతి మొహమూ చూసి, ఏ రంగు ఇచ్చిందో, ఎన్నాళ్ళకి ఆపేశారో చెప్పుకుంటూ పోయింది. పుణ్యమని పోగేసుకున్నదంతా ఒక్కొక్కటిగా బల్ల మీద పెడుతున్నట్టుంది. బరువు తగ్గుతోందో పెరుగుతోందో ఆవిడకే అర్థం కాలేదు.

అందరికంటే చివర ఒక పిల్ల తల్లి వచ్చింది. ఒళ్ళో పాప జ్వరంతో సొమ్మసిల్లి ఉంది. డాక్టరమ్మ సొరుగులోంచి పాప పరీక్ష కాగితం తీసి, నొసలు ముడిచి చదివింది. "మూత్రంలో చెడ్డ క్రిమి పట్టింది. మామూలు మందులు వేటికీ లొంగదు. ఏమేం వాడారు పాపకి?"

మాత్రలమ్మ ఆ తల్లి మొహం పరకాయించి చూసింది. గుర్తు రాలేదు. మొదటిసారి గుర్తు రాలేదు.  "నీకేమిచ్చానమ్మా? ఏ రంగో చెప్పు."

"మీరెవరో నాకు తెలియదండీ" అంది ఆ తల్లి. "మేం ఆ చివర కొత్త ఇళ్ళల్లో ఉంటాం. పాపకి ఇంతకుముందు ఎప్పుడూ జ్వరమే రాలేదు, ఏ మందూ వెయ్యలేదు. పాలు, కుళాయి నీళ్ళు. అంతే."

"మరి ఇదెక్కడ అంటుకుందో" అంది డాక్టరమ్మ తనలో తను. "మనుషుల్నుంచో, పాల సీసా నుంచో... ఎక్కణ్ణించైనా కావచ్చు."

ఎక్కణ్ణించైనా కావచ్చు. నిజమే. పళ్ళెం మీది పసుపు చుక్కలు ఈ పాప దాకా వచ్చాయని చెప్పగలిగేవాళ్ళెవరూ లేరు. రాలేదని చెప్పగలిగేవాళ్ళూ లేరు. చెబితే కోడలికిచ్చిన మాట తప్పుతుంది, ఆ పిల్ల ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఈ పాప మొహం కళ్ళల్లోంచి పోదు. మాత్రలమ్మ ఒళ్ళో చేతులు కలుపుకుని కళ్ళు మూసుకుంది. ప్రార్థన మాటలేవీ రాలేదు. పెద్ద కెమిస్టు కోడలితో అన్న మాట ఒకటే చెవిలో మోగింది: అడిగినదానికి జవాబివ్వడమే మన పని.

కళ్ళు తెరిచింది.

"డాక్టరమ్మా, ఊరి నీళ్ళని పరీక్ష చేసేవాళ్ళున్నారు కదా. మీరు వాళ్ళని ఏమైనా అడిగితే జవాబు చెప్పాలా?"

"ఆరోగ్య కేంద్రం తరఫున కాగితం రాసి పంపితే చెప్పాలి. నియమం ఉంది."

"ఎప్పుడైనా అడిగారా?"

"లేదండీ. నీళ్ళు బాగున్నాయని వాళ్ళే నెలనెలా పంపిస్తారుగా."

"బాగున్నాయనే పంపిస్తారు. అడిగినదానికి జవాబు అది. అడగనిదానికి వాళ్ళు చెప్పరు, చెప్పకూడదు. మీరు అడగండి."

డాక్టరమ్మ ఆవిడ మొహంలోకి నిదానంగా చూసింది. నీకెలా తెలుసని అడగలేదు. కేంద్రం ముద్ర ఉన్న కాగితం ఒకటి ముందుకు లాక్కుని, కలం మూత తీసింది.

"ఏమని రాయమంటారు?"

మాత్రలమ్మ స్టూలు మీద ముందుకి జరిగింది.

"కుళాయి నీళ్ళు వడగట్టి, మందు కలిపిన పళ్ళెంలో వేస్తే ఏం మొలుస్తోందని రాయండి."